రాబడుల విభాజనం, మారే ఆకృతి: సత్యం షేరు పతనం చెప్పే గణాంక పాఠం, పంట ధరలకు దాని అన్వయం

సారాంశం

ధరల మార్పులను సామాన్య విభాజనంతో వర్ణించడం గణాంక బోధనలో చిరకాలంగా ఉన్న అలవాటు. విభాజనపు మధ్య భాగంలో ఈ అలవాటు వల్ల పెద్ద హాని లేదు. తోక భాగంలో మాత్రం అది నష్టభయాన్ని ఎన్నో రెట్లు తక్కువగా చూపుతుంది. పైగా రాబడుల విభాజనం స్థిరమైనది కాదు. దాని వెడల్పు, వైషమ్యం, తోకల మందం కాలంతో పాటు మారుతాయి. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ షేరు 2008 డిసెంబరు, 2009 జనవరి నెలల్లో ప్రవర్తించిన తీరును ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం ఆ మార్పులను వివరిస్తుంది. అవే సూత్రాలు మిర్చి, టమాటా వంటి పంటల ధరలకు ఎలా వర్తిస్తాయో, రైతుకు ధర సూచన ఇచ్చేటప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చర్చిస్తుంది.

ముఖ్య పదాలు: రాబడి, సామాన్య విభాజనం, టి-విభాజనం, కకుదత, విస్తృతి, నష్టభయం, పంట ధరలు

ఉపోద్ఘాతం

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న ప్రారంభించారు. తరువాతి పదేళ్లలో హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలు సమాచార సాంకేతిక రంగానికి కేంద్రాలుగా ఎదిగాయి. ఆ ఎదుగుదలకు గుర్తుగా నిలిచిన సంస్థల్లో 1987లో బి. రామలింగరాజు స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఒకటి. బొంబాయి, జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజీల ప్రధాన సూచీలు రెండింటిలోనూ ఆ సంస్థకు స్థానం ఉండేది. న్యూయార్క్ మార్కెట్‌లోనూ దాని వాటాపత్రాలు అమ్ముడయ్యేవి.

2009 జనవరి 7న సంస్థ అధ్యక్షుడు లెక్కలు తారుమారు చేసినట్లు అంగీకరిస్తూ లేఖ రాసి రాజీనామా చేశారు. అంతకు ముందు రోజు బొంబాయి ఎక్స్ఛేంజీలో 179.10 రూపాయల వద్ద ముగిసిన షేరు ఆ రోజు 39.95 రూపాయల వద్ద ముగిసింది. అంటే ఒక్క రోజులో సుమారు 78 శాతం పతనం. అదే రోజు సెన్సెక్స్ సూచీ 7 శాతానికి పైగా పడిపోయింది.

ఈ సంఘటనను సంస్థాగత పాలన దృష్టితో అనేకులు పరిశీలించారు. ఇక్కడ చర్చించవలసినది దాని గణాంక పార్శ్వం. 2009 జనవరి 6 వరకు ఉన్న ధరల పట్టికను మాత్రమే చూసిన విశ్లేషకుడు మరుసటి రోజు పతనానికి ఎంత సంభావ్యత ఇచ్చి ఉండేవాడు? ఆ సమాధానం ఎందుకు తప్పయి ఉండేది? ఈ రెండు ప్రశ్నలు షేరు మార్కెట్‌కు మాత్రమే పరిమితం కావు. గత సంవత్సరాల సగటు ధరను ఆధారం చేసుకొని ఈ సంవత్సరం ఏ పంట వేయాలో నిర్ణయించే ప్రతి రైతుకూ అవి వర్తిస్తాయి.

పొలం నుంచి పుట్టిన పరికరాలు

ఆర్థిక రాబడుల విశ్లేషణ వ్యవసాయ శాస్త్ర విద్యార్థికి పరాయి విషయంగా కనిపించవచ్చు. కాని ఆ విశ్లేషణలో వాడే ముఖ్య పరికరాలలో రెండు వ్యవసాయ ఉత్పత్తుల అధ్యయనం నుంచే వచ్చాయి. డబ్లిన్‌లోని గిన్నిస్ మద్య కర్మాగారంలో పనిచేస్తూ బార్లీ నాణ్యతను, దిగుబడిని పరిశీలించిన విలియం గాసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించిన పరిశోధన నుంచి టి-విభాజనం వచ్చింది. 1963లో బెన్వా మాండెల్‌బ్రాట్ అమెరికా పత్తి ధరల మార్పులను పరిశీలించి, అవి సామాన్య విభాజనానికి లోబడవని చూపాడు. చిన్న మార్పులు, అతి పెద్ద మార్పులు రెండూ ఆ విభాజనం అనుమతించిన దానికంటే ఎక్కువగా ఉన్నాయి. పెద్ద మార్పుల వెంట పెద్ద మార్పులే, పెరుగుదల కావచ్చు తగ్గుదల కావచ్చు, గుంపుగా వస్తున్నాయని కూడా ఆయన గమనించాడు.

రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో 1919లో చేరిన ఆర్.ఎ. ఫిషర్ రూపొందించిన విస్తృతి విశ్లేషణ పద్ధతి క్షేత్ర ప్రయోగాలకు పునాది. ఆ పద్ధతి దోషపదాలు సామాన్య విభాజనాన్ని అనుసరిస్తాయని భావిస్తుంది. మడి దిగుబడి విషయంలో ఆ భావనకు గట్టి కారణం ఉంది. నేల సారం, తేమ, మొక్కల సాంద్రత, విత్తన భేదం వంటి అనేక చిన్న ప్రభావాలు దాదాపు స్వతంత్రంగా కలుస్తాయి. వాటి మొత్తం గంట ఆకారానికి చేరువవుతుంది.

ధరల విషయంలో ఈ కారణం బలహీనపడుతుంది. ఒక వార్త వెలువడినప్పుడు వేలాది వ్యాపారులు ఒకే దిశలో, ఒకే గంటలో స్పందిస్తారు. ప్రభావాలు స్వతంత్రంగా ఉండవు, ఒకదానిని మరొకటి పెంచుతాయి. కాబట్టి మడి దిగుబడికి సరిపోయిన గంట ఆకారం మార్కెట్ ధరకు కూడా సరిపోతుందని భావించడానికి ఆధారం లేదు.

రాబడిని లెక్కించే విధం

ధరల స్థాయిని కాక, ధరల మార్పును విశ్లేషించడం సాధారణ పద్ధతి. నేటి ధరను నిన్నటి ధరతో భాగించి, వచ్చిన నిష్పత్తికి సహజ సంవర్గమానం తీసుకుంటే సంవర్గమాన రాబడి వస్తుంది. ఈ రాబడులను కూడితే కొన్ని రోజుల మొత్తం రాబడి నేరుగా లభిస్తుంది. పెరుగుదల, తగ్గుదల రెండింటినీ ఒకే కొలమానంలో చూడవచ్చు. ధర 100 నుంచి 50కి తగ్గి తిరిగి 100కు చేరితే సాధారణ శాతాలు మైనస్ 50, ప్లస్ 100 అవుతాయి. సంవర్గమాన రాబడులు మైనస్ 69, ప్లస్ 69 అవుతాయి. మొత్తం సున్న.

సత్యం షేరు 2008 డిసెంబరు 17న సుమారు 30 శాతం పడిపోయింది. అధ్యక్షుడి కుటుంబానికి సంబంధించిన రెండు మేటాస్ సంస్థలను కొనుగోలు చేయాలన్న ప్రతిపాదన ముందు రోజు వెలువడి, మదుపరుల వ్యతిరేకతతో వెంటనే రద్దయింది. సంవర్గమాన కొలతలో ఆ పతనం మైనస్ 36 శాతం. 2009 జనవరి 7 నాటి పతనం మైనస్ 150 శాతం. మొహర్రం సెలవు తరువాత జనవరి 9న షేరు మరో 40 శాతం పడి సుమారు 24 రూపాయల వద్ద ముగిసింది. సంవర్గమాన కొలతలో అది మైనస్ 52 శాతం.

సామాన్య విభాజనం ఎక్కడ విఫలమవుతుంది

లెక్క సులభంగా ఉండటానికి, ఒక షేరు రోజువారీ రాబడికి ప్రామాణిక విచలనం 3 శాతం, సగటు సున్న అనుకుందాం. అప్పుడు డిసెంబరు 17 నాటి పతనం 12 సిగ్మాల దూరంలో, జనవరి 7 నాటి పతనం 50 సిగ్మాల దూరంలో ఉంటాయి. ఒక రోజులో అంతకంటే పెద్ద పతనం సగటున ఎంత కాలానికి ఒకసారి రావాలో రెండు విభాజనాల ప్రకారం పట్టిక 1 చూపుతుంది. ఇందులో టి-విభాజనాన్ని సామాన్య విభాజనంతో సమానమైన విస్తృతి ఉండేలా సవరించడం జరిగింది. చిన్న ప్రతిరూపాల పరీక్షలో వాడే టి-విలువతో దీన్ని కలపకూడదు. ఇక్కడ టి-విభాజనం రాబడులకే నమూనాగా పనిచేస్తుంది.

పట్టిక 1. వివిధ పరిమాణాల పతనాలు సగటున ఎంత కాలానికి ఒకసారి సంభవించాలి (సంవత్సరానికి 250 వ్యాపార దినాలు)

| పతన పరిమాణం | సామాన్య విభాజనం | టి-విభాజనం (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 4) |
|---|---|---|
| 2 సిగ్మాలు | 44 రోజులు | 42 రోజులు |
| 3 సిగ్మాలు | 3 సంవత్సరాలు | 7 నెలలు |
| 5 సిగ్మాలు | సుమారు 14,000 సంవత్సరాలు | సుమారు 4 సంవత్సరాలు |
| 12 సిగ్మాలు | లెక్కకు అందనంత కాలం | సుమారు 113 సంవత్సరాలు |
| 50 సిగ్మాలు | లెక్కకు అందనంత కాలం | సుమారు 33,000 సంవత్సరాలు |

ఈ పట్టికలో మూడు అంశాలు గమనించదగినవి. మొదటిది, 2 సిగ్మాల వద్ద రెండు విభాజనాలు దాదాపు ఒకే సమాధానం ఇస్తాయి. అందువల్ల 5 శాతం స్థాయి చుట్టూ మాత్రమే పరిశీలించే వారికి తేడా కనిపించదు. విభాజనం ఎంపికలో పొరపాటు జరిగిందన్న అనుమానం కూడా రాదు. రెండవది, 5 సిగ్మాల వద్ద 14,000 సంవత్సరాలు, 4 సంవత్సరాలు అన్న తేడా నిర్ణయాలను పూర్తిగా మార్చగలది. మొదటి సంఖ్యను నమ్మినవాడు రక్షణ ఏర్పాటు చేసుకోడు. రెండవ సంఖ్యను నమ్మినవాడు తప్పక చేసుకుంటాడు. మూడవది, మందమైన తోక గల టి-విభాజనం కూడా 50 సిగ్మాల పతనాన్ని వివరించలేదు. 33,000 సంవత్సరాలకు ఒకసారి అన్న సమాధానం, ఆ సంఘటన ఈ విభాజనం నుంచి వచ్చినది కాదని చెప్పడమే.

ఈ మూడవ అంశమే కీలకం. మందమైన తోక గల విభాజనాన్ని ఎంచుకోవడంతో సమస్య తీరదు. విభాజనం ఆకృతి ఎప్పుడు, ఎందుకు మారుతుందో కూడా అడగాలి.

కాలంతో మారే విస్తృతి

రాబడుల ఆకృతిలో ఎక్కువగా, తేలికగా గుర్తించగలిగేలా మారేది విస్తృతి. ప్రశాంతమైన రోజులు గుంపుగా, అలజడి రోజులు గుంపుగా వస్తాయి. రాబడుల మధ్య సహసంబంధం దాదాపు లేకపోయినా, రాబడుల వర్గాల మధ్య స్పష్టమైన సహసంబంధం ఉంటుంది. రేపు ధర ఏ దిశలో కదులుతుందో చెప్పలేకపోయినా, ఎంత దూరం కదలవచ్చో కొంతవరకు చెప్పవచ్చునని దీని అర్థం. ఈ ఆలోచనను 1982లో రాబర్ట్ ఎంగిల్ ‘ఆర్చ్’ నమూనాగా రూపొందించాడు. 1986లో టిమ్ బోలర్‌స్లెవ్ దాన్ని ‘గార్చ్’గా విస్తరించాడు. ఎంగిల్‌కు 2003లో ఆర్థిక శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

వీటిలో అతి సరళమైన రూపం ఘాతీయ భారిత సగటు. నేటి విస్తృతి అంచనా కావాలంటే, నిన్నటి అంచనాను 0.94తో, నిన్నటి రాబడి వర్గాన్ని 0.06తో హెచ్చవేసి కలుపుతారు. పై ఉదాహరణలో ప్రామాణిక విచలనం 3 శాతం, అంటే విస్తృతి 9 అనుకుంటే, డిసెంబరు 17 నాటి మైనస్ 36 శాతం రాబడి తరువాత కొత్త విస్తృతి 8.46 + 77.76 = 86.22 అవుతుంది. ప్రామాణిక విచలనం ఒక్క రాత్రిలో 3 నుంచి 9.3 శాతానికి పెరుగుతుంది. తరువాతి రోజుల రాబడులు మామూలు పరిమాణంలోనే ఉంటే ఈ అదనపు విస్తృతి సుమారు 11 రోజులకు సగమవుతుంది. 13 వ్యాపార దినాల తరువాత ప్రామాణిక విచలనం సుమారు 6.6 శాతం వద్ద ఉంటుంది.

ఈ లెక్క ప్రకారం జనవరి 7 నాటి పతనం 50 సిగ్మాల నుంచి 23 సిగ్మాలకు తగ్గుతుంది. నమూనా ప్రమాద సంకేతం ఇచ్చిందనడం నిజం. షేరు మునుపటి షేరు కాదని, దానిపై పందెం తగ్గించుకోవాలని డిసెంబరు 17 తరువాత అది స్పష్టంగా చెప్పింది. జరగబోయే దాని పరిమాణాన్ని మాత్రం చెప్పలేకపోయింది. అది ఈ నమూనాల లోపం మాత్రమే కాదు. గత రాబడులలో లేని సమాచారాన్ని గత రాబడుల నుంచి ఏ నమూనా కూడా వెలికితీయలేదు.

ధరల పట్టికలో లేని కారణం

అధ్యక్షుడి లేఖ ప్రకారం సంస్థ లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు ఉనికిలో లేనివి. మార్కెట్ ధర ఆ తప్పుడు లెక్కలపై నిలిచింది. ప్రతి త్రైమాసికంలో సాఫీగా కనిపించిన లాభాలు షేరు రాబడుల విస్తృతిని కూడా ఉండవలసిన దానికంటే తక్కువగా ఉంచి ఉంటాయని తర్కించవచ్చు. అప్పుడు ప్రశాంతత స్వయంగా వక్రీకరణ ఫలితమవుతుంది. ఆ ప్రశాంతత నుంచి లెక్కించిన ప్రామాణిక విచలనం కొలిచేది నష్టభయాన్ని కాదు, దాన్ని దాచిన తెర మందాన్ని.

ఇటువంటి పరిస్థితికి మిశ్రమ విభాజనం తగిన భావన. ఎక్కువ రోజుల్లో ఒక విభాజనం, అరుదైన కొన్ని రోజుల్లో మరో విభాజనం పనిచేస్తాయని అది భావిస్తుంది. ఉదాహరణకు 100లో 95 రోజులు ప్రామాణిక విచలనం 1, మిగిలిన 5 రోజులు 4 అనుకుందాం. రెండు భాగాలూ విడివిడిగా సామాన్య విభాజనాలే. మొత్తం విస్తృతి 1.75 అవుతుంది. సామాన్య విభాజనంలో 3గా ఉండే కకుదత ఈ మిశ్రమంలో సుమారు 13.5కు చేరుతుంది. మందమైన తోక అనేది తరచు ఒకే వింత విభాజనం లక్షణం కాదు. రెండు వేర్వేరు స్థితులను ఒకే పట్టికలో కలిపి చూడటం వల్ల కూడా అది ఏర్పడుతుంది. అందువల్ల కకుదత ఎక్కువగా కనిపించినప్పుడు, ఎక్కడ ఏ స్థితి మారిందన్న ప్రశ్న వేయాలి.

కొలమానాల పరిమితులు

కకుదత విలువను కూడా జాగ్రత్తగా చదవాలి. ప్రామాణిక విచలనం 1 గల సామాన్య విభాజనం నుంచి 1,000 రోజుల రాబడులు ఉన్నాయనుకుందాం. వాటిలో ఒక్కటి మాత్రం మైనస్ 50 అయితే, ప్రామాణిక విచలనం 1 నుంచి సుమారు 1.87కు, కకుదత 3 నుంచి 500 పైకి పెరుగుతాయి. 999 రోజులు చెప్పినదాన్ని ఒక్క రోజు తుడిచివేస్తుంది. పైగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 4 లేదా అంతకు తక్కువ ఉన్న టి-విభాజనానికి పరిమిత కకుదత అసలు ఉండదు. అలాంటి దత్తాంశంలో ప్రతిరూపం పెరిగేకొద్దీ కకుదత ఒక విలువ వద్ద స్థిరపడదు. అందుచేత తోకల వర్ణనకు 1వ, 5వ శతాంశాలను నేరుగా చూపడం, అతి పెద్ద పతనాలను పేరుపేరునా పట్టికలో ఇవ్వడం మేలు.

అంచనా కాలఖండం ఎంపిక మరో సమస్య. ఎక్కువ సంవత్సరాల దత్తాంశం వాడితే పాత స్థితులు కలిసిపోయి నేటి ఆకృతి మరుగున పడుతుంది. తక్కువ కాలం వాడితే పరామితుల అంచనాలో దోషం పెరుగుతుంది. 1945లో కలియంపూడి రాధాకృష్ణారావు నిరూపించిన, నేడు క్రామర్–రావు హద్దుగా ప్రసిద్ధమైన ఫలితం ఈ రెండవ పరిమితిని కచ్చితంగా చెబుతుంది. నిర్ణీత సంఖ్యలో స్వతంత్ర పరిశీలనలు ఉన్నప్పుడు నిష్పక్షపాత అంచనా విస్తృతి ఒక హద్దు కంటే కిందికి దిగదు. పరిశీలనల సంఖ్య సగమైతే ఆ హద్దు రెట్టింపవుతుంది. ఎంత తెలివైన పద్ధతి వాడినా ఈ మూల్యం చెల్లించవలసిందే. ఆకృతి వేగంగా మారే శ్రేణుల్లో మన అజ్ఞానానికి కనీస పరిమాణం ఉందని ఈ హద్దు గుర్తు చేస్తుంది. హైటెక్ సిటీకి సమీపాన, గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ పనిచేస్తున్నది.

మూడవ సమస్య మిగిలినవారి పక్షపాతం. కుంభకోణం వెలుగు చూసిన కొద్ది రోజుల్లోనే సత్యం షేరును ప్రధాన సూచీల నుంచి తొలగించారు. సెన్సెక్స్‌లో దాని స్థానాన్ని సన్ ఫార్మా తీసుకున్నది. నేటి సూచీలో ఉన్న సంస్థల గత ధరలను మాత్రమే సేకరించి విశ్లేషించే విద్యార్థికి సత్యం పతనం కనిపించదు. తోకలోని పరిశీలనలే పట్టిక నుంచి జారిపోతాయి. ఎండిపోయి దున్నేసిన మడులను వదిలి, కోత జరిగిన మడుల దిగుబడినే సగటు కట్టడం కూడా ఇటువంటి పొరపాటే.

నాలుగవది, నియమాలు కూడా ఆకృతిని మలుస్తాయి. మన ఎక్స్ఛేంజీల్లో డెరివేటివ్ వ్యాపారం ఉన్న షేర్లకు స్థిరమైన రోజువారీ ధర హద్దు ఉండదు. అందువల్లనే సత్యం షేరు ఒక్క రోజులో అంత దూరం పడగలిగింది. హద్దు ఉన్న షేర్లలో అదే వార్త వరుస రోజుల పతనంగా కనిపిస్తుంది. అక్కడ తోక కత్తిరించినట్లు కనిపించినా నష్టం తగ్గదు, కాలంలో పరచుకుంటుంది. కనీస మద్దతు ధరకు నిజంగా కొనుగోళ్లు జరిగే పంటల్లో ధర విభాజనం దిగువ తోక ఇలాగే కుదించుకుంటుంది. ఆ కొనుగోళ్లు ఆగిన సంవత్సరం ఆకృతి ఒక్కసారిగా మారుతుంది.

పంట ధరలకు అన్వయం

షేరు సూచీల రాబడుల్లో ఎక్కువగా ఎడమవైపు, అంటే పతనాల వైపు తోక పొడవుగా ఉంటుంది. త్వరగా చెడిపోయే కూరగాయల్లో దీనికి విరుద్ధమైన ఆకృతి కనిపిస్తుంది. నిల్వ లేనందువల్ల సరఫరా తగ్గితే ధర హఠాత్తుగా ఎగురుతుంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో 100 రూపాయలు దాటి, సెప్టెంబరు నాటికి బాగా పడిపోవడం దీనికి ఉదాహరణ. ఇటువంటి పంటలో సగటు ధర రైతుకు మోసకారి సూచిక. కొద్ది వారాల అసాధారణ ధరలు సగటును పైకి లాగుతాయి. అత్యధిక రైతులు అమ్ముకునే ధర ఆ సగటు కంటే దిగువనే ఉంటుంది. మధ్యగత ధర చెప్పడం వారికి మరింత ఉపయోగకరం.

ఎండుమిర్చి ఉదాహరణ మరింత బోధపరుస్తుంది. 2016లో క్వింటాలుకు 10,000 రూపాయలకు పైగా పలికిన మిర్చి, మరుసటి సంవత్సరం పంట మార్కెట్‌కు వచ్చేసరికి అందులో సగం కంటే దిగువకు పడిపోయింది. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. మే నెలలో కేంద్ర ప్రభుత్వం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల కోసం క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది.

గణాంక దృష్టితో చూస్తే సత్యం పతనానికీ మిర్చి పతనానికీ ఒక పోలిక, ఒక తేడా ఉన్నాయి. రెండింటిలోనూ గత ధరల నుంచి లెక్కించిన సగటు, ప్రామాణిక విచలనం రాబోయే దాన్ని సూచించలేదు. కాని సత్యం విషయంలో అసలు కారణం మార్కెట్ దృష్టికి దాచి ఉంచారు. మిర్చి విషయంలో కారణం బహిరంగంగా పొలాల్లోనే ఉంది. మునుపటి సంవత్సరం మంచి ధర చూసి రైతులు పెద్ద ఎత్తున మిర్చి వేశారు. ఎక్కువ ధర పలికిన సంవత్సరమే తక్కువ ధర పలికే సంవత్సరానికి బీజం వేసింది. ధరల పట్టిక దీన్ని చెప్పలేదు. నారుమళ్ల సంఖ్య, విత్తన అమ్మకాలు, సాగు విస్తీర్ణం, శీతల గిడ్డంగుల్లో మిగిలిన నిల్వలు చెప్పగలవు. ఈ సమాచారం ముందుగా చేరేది విస్తరణ శాస్త్రవేత్తకే.

నష్టాలు కలిసి రావడం కూడా గమనించాలి. జీతం, ఉద్యోగికి ఇచ్చిన షేర్లు, ఇంటి రుణం చెల్లించే శక్తి ఇవన్నీ ఒకే సంస్థపై ఆధారపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి 2009 జనవరి 7న మూడు నష్టభయాలూ ఒకటయ్యాయి. కౌలుకు తీసుకున్న భూమి అంతటా ఒకే వాణిజ్య పంట వేసి, ఆ పంట మీదనే వ్యాపారి వద్ద అప్పు తెచ్చిన రైతు పరిస్థితి కూడా ఇంతే. మామూలు సంవత్సరాల్లో దిగుబడికీ, ధరకూ, అప్పు లభ్యతకూ మధ్య సహసంబంధం స్వల్పంగా కనిపించవచ్చు. తోకలో మాత్రం అవి ఒకదానినొకటి పట్టుకొని పడతాయి. అందువల్ల మామూలు సంవత్సరాల సహసంబంధ గుణకంతో చెడ్డ సంవత్సరాన్ని అంచనా కట్టకూడదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. మార్కెట్ యార్డు ధరలను సంవర్గమాన రాబడులుగా మార్చే ముందు ఋతు ప్రభావాన్ని వేరు చేయాలి. ఒకే గ్రేడు ధరలను మాత్రమే పోల్చాలి. యార్డు మూసిన రోజులకు పాత ధరనే నింపితే లేని ప్రశాంతత పట్టికలోకి చేరుతుంది.

2. మొత్తం కాలానికి ఒకే సగటు, ఒకే ప్రామాణిక విచలనం ఇవ్వడంతో ఆగకూడదు. రెండు, మూడు సంవత్సరాల జరిగే కాలఖండాలకు 5వ, 50వ, 95వ శతాంశాలను లెక్కించి పక్కపక్కన చూపాలి. ఆకృతి మార్పు కంటికే కనిపిస్తుంది.

3. రాబడుల వర్గాల సహసంబంధాన్ని పరీక్షించాలి. అది గణనీయంగా ఉంటే, ఇటీవలి అలజడికి ఎక్కువ భారం ఇచ్చే పద్ధతి వాడాలి.

4. అసాధారణ విలువలను దోషాలుగా భావించి తొలగించే ముందు, ఆ తేదీన ఏం జరిగిందో మార్కెట్ కార్యదర్శిని, వ్యాపారులను, రైతులను అడిగి తెలుసుకోవాలి. టైపు పొరపాటును తొలగించవచ్చు. నిజంగా జరిగిన పతనాన్ని తొలగించకూడదు.

5. ధర సూచనలో ఒకే సంఖ్య ఇవ్వకుండా అంతరం ఇవ్వాలి. ఆ అంతరం కంటే దిగువకు ధర పోయే అవకాశం ఎంతో, పోతే ఎకరాకు ఎంత నష్టమో రూపాయల్లో చెప్పాలి. సిగ్మా రైతుకు అర్థం కాకపోవచ్చు. పదేళ్లలో ఎన్ని ఏళ్లు పెట్టుబడి తిరిగి రాలేదో చెబితే వెంటనే అర్థమవుతుంది.

6. ప్రతి సూచనతో పాటు, ఏ పరిస్థితి మారితే ఆ సూచన చెల్లదో కూడా రాయాలి. విస్తీర్ణం ఒక హద్దు దాటడం, ఎగుమతి విధానం మారడం, ప్రభుత్వ కొనుగోళ్లు ఆగడం అటువంటివి.

విద్యార్థులకు ఒక అభ్యాసం ఉపయోగపడుతుంది. తమ జిల్లా మార్కెట్‌లోని ఒక పంట పదేళ్ల ధరలను తీసుకొని, మొదటి ఐదేళ్లతో నమూనాను రూపొందించి, తరువాతి ఐదేళ్లలో 5వ శతాంశం కంటే దిగువకు ఎన్ని వారాలు పడ్డాయో లెక్కించాలి. నమూనా సరైనదైతే 100 వారాల్లో సుమారు 5 వారాలే అలా ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే, లేదా అవన్నీ ఒకే చోట గుమికూడితే, ఆకృతి మారిందని గుర్తించాలి. ఆ వారాల్లో పొలంలో, మార్కెట్‌లో ఏం జరిగిందో రాయడం ఆ అభ్యాసంలో రెండవ సగం.

ముగింపు

సామాన్య విభాజనం ఒక ఉపయోగకరమైన సన్నిహిత రూపం. మడి దిగుబడులకు అది చాలావరకు సరిపోతుంది. ధరల రాబడులకు, ముఖ్యంగా వాటి తోకలకు సరిపోదు. మందమైన తోక గల విభాజనాలు, కాలంతో మారే విస్తృతి నమూనాలు ఆ లోపాన్ని కొంతవరకు సరిదిద్దుతాయి. అయినా విభాజనం మారడానికి మూలకారణం తరచు ధరల శ్రేణికి బయట ఉంటుందని హైదరాబాదులో 2009 జనవరిలో, ఖమ్మంలో 2017 ఏప్రిల్‌లో జరిగిన పతనాలు చూపుతున్నాయి. మొదటిచోట కారణం కనబడకుండా దాచారు. రెండవచోట అది వేల ఎకరాల్లో కళ్లముందే పెరిగింది. గణాంక నమూనాతో పాటు విస్తీర్ణ, నిల్వ, రుణ సమాచారాన్ని కలిపి చదివి విత్తనం వేయకముందే రైతుకు చెప్పగలిగితే, రెండవ రకం నష్టాన్ని తగ్గించడం విస్తరణ వ్యవస్థకు సాధ్యమే.